జానెడుకో రింగు

ఏలూరు పవర్‌పేటలో రైలుగేటుకి ఇవతల మూడో సందు. ఆ సందులో శ్రీరామమూర్తిగారి ఇంట్లో చేప అన్న మాట కూడా గట్టిగా పలకరు. ఆయన భార్య వసుంధరగారు దశావతారాలు చదివేటప్పుడు మత్స్యావతారం దగ్గర గొంతు తగ్గించి, గబగబా దాటేసి, కూర్మావతారం దగ్గరికొచ్చాక ఊపిరి పీల్చుకుంటారు. కూర్మం మాత్రం ఏ కూరగాయల జాతి అని ఆవిణ్ణి అడిగే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ రాలేదు. అలాంటి ఇంటి వరండాలో, అదీ నిరుడు కార్తీకంలో, చేపలు తినేవాళ్ళు కూడా బుద్ధిగా మానేసే నెలలో, గాలం కర్ర తయారవడం మొదలైంది.

సందులో ఆ సంగతి తెలియడానికి అరగంట పట్టలేదు. మూర్తిగారు ఫోన్లో వీడియో పెడితే ఆ మాట్లాడేవాడి గొంతు ఎదురింటి వంటగదిలోకి వినబడుతుంది. ఎదురింటి ప్రసన్నకుమారి గిన్నె పుచ్చుకుని పాలల్లోకి తోడు కావాలంటూ వచ్చింది. తోడు ఆవిడింట్లో ఉంది. ఉందని వసుంధరగారికీ తెలుసు.

"బాబాయిగారు ఏదో పొడుగ్గా కడుతున్నారు, దోమతెరకా పిన్నిగారూ?" అని అడిగింది.

"గాలానికి," అన్నారు వసుంధరగారు, పక్కింట్లో ఎవరో పోయారని చెప్పే గొంతుతో.

మూర్తిగారు ముప్పై నాలుగేళ్ళు టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. కుర్చీ ఉద్యోగం కాదు. తీగ ఎటు పోవాలి, స్తంభం ఎక్కడ దిగాలి అన్నది ఆయన చూసేవారు. స్తంభానికీ స్తంభానికీ అరవై గజాలు. మధ్యలో పెరడున్నా, కల్లం ఉన్నా, కరణంగారి సావిడి ఉన్నా, అరవై అంటే అరవయ్యే. ఇప్పుడు ఆ స్తంభాల్లో సగం పశువుల పాకలకి నిట్టాళ్ళయ్యాయి, మిగతా సగానికి తీగలు లేవు. కొలత మాత్రం మూర్తిగారిలో చెక్కు చెదరకుండా ఉంది. దండెం మీద బట్టల క్లిప్పులు బెత్తెడుకొకటి ఉండాలి. పుస్తకాల అరలో పుస్తకాలన్నీ అంచు దగ్గర ఒక్క గీత మీద ఉండాలి. మొన్న వేసవిలో వసుంధరగారు డాబా మీద గుమ్మడి వడియాలు పెడుతుంటే సాయం చేస్తానని స్కేలు పుచ్చుకుని పైకెక్కారు. ఆవిడ నాలుగు వరసలు పెట్టేసరికి ఆయన ఒక వరసలో సగానికి వచ్చారు. పిండి ఆయన కోసం ఆగలేదు, పులిసిపోయింది. ఆ ఏడాది వడియాలు వేయిస్తే పుల్లగా ఉండేవి గానీ, ఎంత తీరుగా ఉండేవో చెప్పలేం.

ఇంత చక్కని మనిషికి గాలం కర్రతో పనేమిటంటే, ఉంగుటూరు కనకరాజుగారు.

కనకరాజుగారిది నాలుగెకరాల వరిచేను, ఇల్లు కాలవగట్టుకి ఎదురుగా. ముప్పై ఏళ్ళ కిందట మూర్తిగారు వేయించిన తీగ తన చేలోకి వచ్చిందని ఆయన నాలుగు రోజులు గొడవపడ్డారు. ఐదో రోజు ఇద్దరూ కలిసి అరుగు మీద మజ్జిగ తాగారు. అప్పటినుంచీ నెలకి రెండు ఆదివారాలు మూర్తిగారు బస్సెక్కి ఉంగుటూరు పోవడం, అరుగు మీద కూర్చోవడం, ఇద్దరూ 'అండీ' 'అండీ' అనుకుంటూ ఒకరి తెలివిని ఒకరు దుమ్మెత్తిపోసుకోవడం. అంత మర్యాదగా తిట్టుకునేవాళ్ళు ఈ జిల్లాలో మరో జత ఉండరు.

ఏడాదిన్నర కిందట కనకరాజుగారికి ఎడమ పక్క పక్షవాతం వచ్చింది. కాలు ఊతకర్ర మీద నడిచే దాకా తిరిగొచ్చింది. చెయ్యి రాలేదు. వేళ్ళు కదుపుతూ ఉంటే వస్తుంది, కదపకపోతే అలాగే బిగుసుకుపోతాయి అని చెప్పి డాక్టరుగారు నొక్కడానికి ఓ రబ్బరు బంతి ఇచ్చారు. ముప్పై పంటలు కోసిన మనిషిని మంచం మీద కూర్చుని బంతి నొక్కమంటే ఏం చేస్తాడు? కుక్కకి విసిరేశారు. ఆ కుక్క దవడలు ఇప్పుడు చాలా బాగున్నాయి.

ఆయనకి ఆయనే కనిపెట్టుకున్న వైద్యం గాలం. కుడిచేత్తో కర్ర పట్టుకుని, ఎడమచేత్తో దారం చుట్టే రీలు తిప్పడం. గట్టు ఇంటి ఎదురుగానే, యాభై అడుగులు. కోడలు రమ్యశ్రీ భయపడుతూనే ఒప్పుకుంది. మొదటి కర్ర ఇంట్లో వెదురుది. దానికి రీలు కడితే ఒంటిచేత్తో లేపడం ఆయన వల్ల కాలేదు. రెండోది తాడేపల్లిగూడెంలో కొన్నది. అది గడ్డపార ఎంత వంగుతుందో అంత వంగేది. చేప తగిలినా చేతికి తెలిసేది కాదు. రెండోదాన్ని దడికి ఊతంగా పాతి, కనకరాజుగారు మూర్తిగారి ముందే ఒట్టు పెట్టుకున్నారు. మూడో కర్ర చూస్తాను, అదీ తేడా చేస్తే ఇక గట్టెక్కను, మంచమే నా గట్టు, చెయ్యి వస్తే వచ్చింది పోతే పోయింది అని. ఆయన ఒట్టు పెడితే నిలబెట్టుకునే రకం. తీగ గొడవప్పుడు నాలుగు రోజులూ స్తంభం గోతిలోనే కూర్చున్న మనిషి.

"అయితే ఆ మూడోది నేను కడతానండి," అన్నారు మూర్తిగారు.

పులుసూ ఇగురూ అటుంచి, చేప బతికున్నప్పుడు ఎలా ఉంటుందో కూడా సరిగా చూడని మనిషి. కనకరాజుగారు ఓ క్షణం ఆయన్ని ఎగాదిగా చూసి, మీరు కడితే చేపలు నవ్వుకుంటూ వస్తాయి లెండి, నాకు వల కూడా అక్కర్లేదు అన్నారు. అన్నారు గానీ వద్దనలేదు.

వసుంధరగారు కూడా వద్దనలేదు. జబ్బు మనిషి కోసం కదా. ఒకే ఒక్క షరతు పెట్టారు. కడుతున్నంతసేపూ కర్ర ఇంట్లో ఉండొచ్చు, అది ఉత్త కర్రే. ఒక్కసారి చేప తగిలిందా, మళ్ళీ ఆ కర్ర గేటు దాటి లోపలికి రాకూడదు. బాగుచేసేది ఉంటే ముందే చేసుకోండి అన్నారు. బాగుచేయాల్సిన అవసరం రాని విధంగా కట్టడమే నా పద్ధతి అని మూర్తిగారు సెలవిచ్చారు.

ఆరున్నర అడుగుల ఫైబరు కర్ర పార్సిల్లో వచ్చింది. వేలు లావు మొదలు, పుల్లంత కొస, ఎండు వరిగడ్డంత తేలిక. ఇక దానికి రింగులు కట్టాలి. రీలులోంచి వచ్చే నైలాన్ దారం కర్ర అడుగున ఈ రింగుల్లోంచి దూరి కొసకి పోతుంది. చూడ్డానికి ముక్కుపుడకల్లా ఉంటాయి గానీ, కర్ర మంచిచెడ్డలన్నీ వాటిలోనే ఉన్నాయట. ఎంత పెద్దవి ఎన్నుకోవాలి, ఎంతెంత దూరంలో కట్టాలి అన్నదే విద్య. వీడియోలో అబ్బాయి ఈ ముక్క చెప్పడానికి నలభై నిమిషాలు తీసుకున్నాడు. రీలు దగ్గర పెద్ద రింగు పెట్టండి, కొసకి వెళ్ళేకొద్దీ చిన్నవి పెట్టండి, కట్టేముందు కర్రకి బరువు వేలాడదీసి వంచి చూడండి అని బతిమాలుకున్నాడు. మూర్తిగారు మూడు నిమిషాలు విని, స్తంభాలు పాతించిన వాడికి ఇవన్నీ కొత్తా అనుకుని ముందుకి జరిపేశారు.

పెద్దవీ చిన్నవీ కలిపిన సెట్టు అంగట్లో ఉంది. అది వ్యాపారస్తుల ఎత్తు అని ఆయన ఇట్టే పసిగట్టారు. ఒకే లైను మీద ఒక స్తంభం తాటిచెట్టంతా ఇంకోటి ఆముదం మొక్కంతా ఉంటుందా? ఏడు రింగులూ ఒకే సైజువి, చిన్నవి తెప్పించారు. చిన్నవైతే దారం అటూ ఇటూ పోకుండా బుద్ధిగా పోతుందట. పోనీ రకమైనా తేలికది తెప్పించారా అంటే, కర్రకి ఆనించి కట్టే రేకు ఒక్కటే ఉన్న ఒంటికాలి రింగులూ, రెండున్న రెండు కాళ్ళ రింగులూ ఉంటే, ఒంటికాలి మీద నిలబడేదాన్ని నమ్మకూడదని ఏడూ రెండు కాళ్ళవే. ఆ ఇనుమంతా ఎక్కేసరికి పుల్లలాంటి కొస కాస్త కిందికి చూసింది. వినయం అనుకున్నారు.

రీలు దగ్గర్నుంచి కొసదాకా అరవై మూడు అంగుళాలు. ఏడు రింగులు. తొమ్మిదేసి అంగుళాలు, అంటే సరిగ్గా జానెడు. లెక్క అంత ముద్దుగా కుదిరేసరికి మూర్తిగారికి ఇందులో దేవుడి ప్రమేయం ఉందనిపించింది. వసుంధరగారి కుట్టుమిషను పెట్టెలోంచి ఎర్ర పట్టుదారం తీసుకుని, ఒక్కో రింగు కాలు మీదా పోగు పక్కన పోగు ఒత్తుగా చుట్టి, పైన జిగురు పూశారు. ఆ జిగురు ఆరేదాకా కర్ర తిప్పుతూ ఉండాలి, లేకపోతే ఒకపక్కకి జారుతుంది. వరండాలో పీట వేసుకుని మూడు గంటలసేపు, పచ్చడికి వంకాయ కాల్చినట్టు, మెల్లగా తిప్పుతూ కూర్చున్నారు. ఆ చుట్టడం, ఆ పూయడం మాత్రం, ఉన్నమాట చెప్పుకోవాలి, బంగారంలా కుదిరాయి. వసుంధరగారు కూడా చీపురు పట్టుకుని అటుగా నాలుగుసార్లు తిరిగారు. నాలుగోసారి ఆగి, వడియాలకీ అదే కొలత, దీనికీ అదే కొలతా అని అడిగారు. కొలత అన్నాక అన్నిటికీ ఒకటే అన్నారు మూర్తిగారు.

మార్గశిరంలో ఓ ఆదివారం కర్రని దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పడుకోబెట్టుకుని ఉంగుటూరు తీసుకెళ్ళారు. కనకరాజుగారు కర్ర అందుకుని ఒంటిచేత్తో లేపి, పరవాలేదండీ, బరువు లేదు అన్నారు. ఆ మాటకే మూర్తిగారు అడుగెత్తు పెరిగారు. గట్టు మీద కుర్చీ వేశారు. దారం చివర రబ్బరు కప్ప కట్టారు. కొర్రమీను దాన్ని నిజం కప్పనుకుని ఎగబడుతుంది.

కనకరాజుగారు కర్ర ఊపి విసిరారు. కప్ప పది అడుగుల్లో పడింది. మళ్ళీ విసిరారు. తొమ్మిది అడుగులు. రీలులోంచి చుట్టలు చుట్టలుగా వెడల్పుగా వచ్చే దారం, మొదట్లోనే జానెడు దూరంలో ఉన్న ఆ చిన్న రింగు దగ్గర, బస్సు తలుపు దగ్గర జనంలా కిక్కిరిసిపోయి టపటపా కొట్టుకుంటోంది. చెయ్యి ఊపు చాలలేదేమోనండీ అన్నారు మూర్తిగారు. ఒక చెయ్యి పడిపోయిన మనిషితో అనాల్సిన మాటే. కనకరాజుగారు ఈసారి గట్టు వారకే, నీళ్ళలో పెరిగిన తూటాకు పక్కన విసిరారు. అక్కడ తగిలింది.

కొర్రమీను అల్లాటప్పాది కాదు. కర్ర వంగింది. వంగిందంటే విల్లులా వంగలేదు. రింగు ఉన్న చోటల్లా మోచెయ్యిలా విరుపు వచ్చి, మధ్యలో తిన్నగా ఉండిపోయింది. కొస దగ్గరైతే వంపు అటుంటే దారం ఇటు, కర్రతో సంబంధం లేనట్టు అడ్డంగా పోయింది. ఎడమచేతి రెండు వేళ్ళతో కనకరాజుగారు రీలుని ఒక చుట్టు తిప్పారు, రెండో చుట్టు సగం తిప్పారు. దారం కొస రింగు దగ్గర ఒరుసుకుని ఫట్టుమంది. చేప కప్పతో సహా వెళ్ళిపోయింది.

కనకరాజుగారు తిడితే బాగుండునని మూర్తిగారు ఎదురుచూశారు. తిట్టలేదు. కర్రని దుప్పట్లో మళ్ళీ జాగ్రత్తగా చుట్టి ఇచ్చారు.

"మీరు చాలా కష్టపడ్డారండీ," అన్నారు.

ముప్పై ఏళ్ళలో కనకరాజుగారు తనతో ఇంత మంచిగా మాట్లాడ్డం అదే మొదటిసారి. ఆయన ఊతకర్ర వేసుకుంటూ వెళ్ళి అరుగు మీది మంచమెక్కి, గోడవైపు తిరిగి పడుకున్నారు.

బస్సులో వస్తున్నంతసేపూ మూర్తిగారు ఒకే పాయింటు కూర్చుకున్నారు. చేప కర్రని ముట్టుకోలేదు. కప్పని ముట్టుకుంది. కప్ప దారాన్ని ముట్టుకుంది. కర్రకీ చేపకీ మధ్య ఆరడుగుల నైలాను ఉంది. కాబట్టి కర్ర ఇంట్లోకి రావొచ్చు. గేటు దగ్గర వసుంధరగారికి ఇదంతా వరస తప్పకుండా విన్నవించారు.

ఆవిడ గేటు గడియ మీద చెయ్యి తియ్యలేదు.

"ముప్పై నాలుగేళ్ళు తీగలోంచి మాటలు పంపించి జీతం తీసుకున్నారు. అక్కడ మాట్లాడితే ఇక్కడికొస్తుందని ఊళ్ళన్నిటికీ చెప్పారు. ఇప్పుడు తీగలోంచి ఏమీ రాదంటే నేను నమ్మాలాండీ?"

కర్ర గేటు బయటే ఉండిపోయింది.

అలా మర్నాటినుంచీ మరమ్మతు ప్రహరీగోడ మీద, నడివీధిలో మొదలైంది. కూరగాయల బండివాడు ఆగాడు, పాలవాడు ఆగాడు, పేపరు చదవడానికి ప్రసన్నకుమారికి తన ఇంటి గుమ్మం తప్ప వేరే చోటు దొరకలేదు. అందరికీ తోచిన సలహా అందరూ ఇచ్చారు. మూర్తిగారు బంగారంలా కుదిరిన పట్టుదారాన్ని బ్లేడుతో కోసి ఏడు రింగులూ ఊడదీశారు. తొమ్మిది అంగుళాలు తప్పయితే ఎనిమిదిన్నర కావాలి అని ఎనిమిదిన్నరకి ఒకటి చొప్పున టేపుతో అంటించారు. రింగు చాలకపోతే వసుంధరగారు చేతిగాజుకి తగిలించుకున్న పిన్నీసు ఒకటి తీసి గోడ మీంచి అందించారు. చేప బదులు వేలాడదీయడానికి ఒక లేత ఆనపకాయ కూడా అందించారు, తూచి చూసి, కిలోన్నర అన్నారు. ఆవిడ గేటు లోపల, ఈయన బయట. జైలుకి చూడవచ్చినవాళ్ళలా ఉంది వ్యవహారం.

కర్ర మొదలు గేటు స్తంభానికి కట్టి, కొసన దారానికి ఆనపకాయ కడితే, మళ్ళీ అదే. మోచేతులు, మోచేతులు. ఎనిమిది అన్నారు, పది అన్నారు, ఏడున్నర అన్నారు. ఏ కొలత పెట్టినా కర్ర మొదట్లో రింగులు ఊరికే కూర్చుంటున్నాయి, కొసన చాలక చస్తున్నాయి. కొలత మార్చారు గానీ, అన్నిటికీ ఒకటే కొలత అన్న మాట మాత్రం ఆయన మార్చలేదు. రెండు రోజులు గడిచాయి. రమ్యశ్రీకి ఫోన్ చేస్తే, మావయ్యగారు అన్నం కూడా మంచం మీదకే తెమ్మంటున్నారు బాబాయిగారూ, ఎడమచెయ్యి దుప్పట్లోంచి బయటికి తియ్యట్లేదు అంది.

మూడో రోజు మూర్తిగారు సిగ్గు విడిచి కనకరాజుగారితోనే మాట్లాడారు. దారం ఎక్కడ తేడా చేసిందో, చేతికి ఎలా తెలిసిందో చెప్పమని అడిగారు. చాలాసేపు బతిమాలారు. ఫోన్ స్పీకరులో ఉంది కాబట్టి సందంతా విన్నది.

"ఎక్కడ చేసిందేంటండీ. మా చేను మలుపులో మీ తీగ చేసినట్టే చేసింది. రోడ్డు వంపు తిరిగితే తిరిగింది, నేను మాత్రం తిన్నగా పోతానని నా చేలోంచి పోలేదూ? గడ్డిబండికి తగిలి తెగలేదూ? ఇదీ అంతే. మీ చేత్తో ఏది వేసినా నా నెత్తి మీంచే పోవాలి కామోసు."

మూర్తిగారికి ఆ మలుపు గుర్తొచ్చింది.

ఆ రోజుల్లో ఉంగుటూరు రోడ్డు కాలవ పక్కన వంపు తిరిగే చోట ఆయన అరవై గజాలకే స్తంభాలు వేయించారు. రోడ్డు గుండ్రంగా తిరిగింది, తీగ మాత్రం స్తంభం నుంచి స్తంభానికి అడ్డదారిన కనకరాజుగారి చేను మీంచి పోయింది. గడ్డి నింపిన బండి వస్తే తగిలి తెగేది. మళ్ళీ కడితే మళ్ళీ తెగేది. స్తంభం మళ్ళీ అక్కడే పాతడానికి తవ్విన గోతిలో కనకరాజుగారు నాలుగు రోజులు కూర్చున్నాక, ఐదో రోజున మూర్తిగారు ఏం చేశారు? ఆ మలుపులో పాతిక గజాలకొకటి చొప్పున మూడు స్తంభాలు ఎక్కువ వేయించారు. తీగ వంపుతో పాటు తిరిగింది. ఆ తరవాతే మజ్జిగ. అంటే ఈ విద్య ముప్పై ఏళ్ళ కిందట ఆయనే చేసి, ఆయనే మర్చిపోయి, తిన్నటి రోడ్డు కొలత ఒక్కటే ఇంటికి తెచ్చుకుని, దాంతో వడియాలు పెడుతున్నారన్నమాట.

"మలుపు దగ్గర దగ్గరదగ్గరగా వేయాలే," అన్నారు గేటు వైపు తిరిగి.

"జాకెట్టుకి హుక్కులు అలాగే కుడతాం. ఎక్కడ లాగుతుందో అక్కడ దగ్గరగా," అన్నారు వసుంధరగారు. "అడిగితే చెప్పేదాన్ని. మీరు స్కేలుని అడిగారు."

ఆ సాయంత్రమే ఆనపకాయ వేలాడదీసి, ఈసారి స్కేలు పక్కనపెట్టి, దారాన్నే చూస్తూ టేపు ముక్కలు జరుపుకుంటూ పోయారు. ఎక్కడ దారం కర్రని వదిలి అడ్డంగా పోతే అక్కడికి ఒక రింగు జరిపారు. చివరికి కొస దగ్గర బెత్తెడు ఎడం, తరవాత కాస్త ఎక్కువ, ఆపైన ఇంకాస్త, జానెడు, రీలు ముందు ఏకంగా మూరెడు. పిన్నీసుతో కలిపి మొత్తం ఎనిమిది. ఏ రెండు ఎడాలూ సమానంగా లేవు. మూర్తిగారు అటు చూడలేక మొహం తిప్పుకున్నారు. కానీ ఆనపకాయ కర్ర కొసన ఊగుతుంటే కర్ర మోచేతులన్నీ పోయి విల్లులా వంగింది, దారం దాన్ని అంటిపెట్టుకుని తిరిగింది.

అప్పుడు ఆ వ్యాపారస్తుల సెట్టే తెప్పించారు. రీలు ముందు పెద్దది, రెండు కాళ్ళది. కొసకి పోయేకొద్దీ చిన్నవి, ఒంటికాలివి. నాలుగు రోజులకి వచ్చాయి. వీధిలోనే పీట వేసుకుని పట్టుదారం చుట్టారు, వీధిలోనే మూడు గంటలు వంకాయ తిప్పారు. కొస ఈసారి వినయం మానేసి తిన్నగా చూసింది.

ఇంత చేశాక ఫోన్లో చెబితే కనకరాజుగారు గట్టు మీదికి రానన్నారు. మూడో కర్ర అయిపోయిందట, ఇది నాలుగో కర్రట, ఒట్టు ఒట్టేనట. కర్ర అదే, రింగులే మారాయంటే, రింగులు మారితే కర్ర మారినట్టే అన్నారు. మాట పట్టు విషయంలో ఆయనకీ వసుంధరగారికీ పెద్ద తేడా లేదు.

మూర్తిగారు బస్సు దిగి తిన్నగా అరుగు దగ్గరికి వెళ్ళకుండా గట్టెక్కారు. మంచంలోంచి చూస్తే సరిగ్గా కనిపించే చోట, ఇస్త్రీ పాంటు మీద, రబ్బరు కప్ప కట్టిన కర్రతో నిలబడ్డారు. ఉంగుటూరులో ఆయన్ని ఎరగనివాళ్ళు తక్కువ. సైకిళ్ళు ఆగాయి. మొదటి విసురుకి కప్ప వెనక తుమ్మచెట్టెక్కింది. రెండోదానికి ఆయన చొక్కా కాలరు పట్టుకుంది. మూడోది వెళ్ళింది. దారం గుసగుసమని రింగుల్లోంచి జారి, కాలవ అవతలి ఒడ్డు దాకా వెళ్ళి, తూటాకు మీద పడింది. అంత దూరం పోతుందని విసిరినవాడికే తెలీదు.

మంచం మీద దుప్పటి కదిలింది. మెల్లగా తిప్పండి, మెల్లగా, మీరు బావిలో చేద లాగట్లేదు అని ఓ గొంతు వచ్చింది. మూర్తిగారు వినబడనట్టు ఇంకా గబగబా తిప్పారు. అది ఆయన ఎత్తో, చేతకానితనమో ఈ రోజుకీ తేలలేదు.

ఆరో విసురుకి తూటాకు మధ్యలోంచి నీళ్ళు భళ్ళుమన్నాయి. కర్ర వంగింది. మూర్తిగారు రాయిలా బిగుసుకుపోయారు. లాగితే ప్రాణిని చంపిన పాపం, వదిలితే కనకరాజుగారి కర్ర కాలవపాలు.

"కనకరాజుగారూ, ఇది నన్ను లాగుతోందండీ," అన్నారు.

యాభై అడుగులూ ఊతకర్ర మీద రావడానికి కనకరాజుగారికి ఎంతసేపు పట్టిందో గానీ, దారిపొడుగునా మర్యాద తగ్గకుండా తిట్టుకుంటూనే వచ్చారు. కుర్చీ లేదు. తుమ్మచెట్టుకి వీపు ఆనించి, కుడిచేత్తో కర్ర లాక్కున్నారు. ఎడమచెయ్యి దుప్పట్లోంచి బయటికి రాక వారమైంది, అప్పటికే వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. రీలు పిడి మీద రెండుసార్లు జారాయి. మూడోసారి బొటనవేలూ రెండు వేళ్ళూ పట్టుకున్నాయి. ఒక చుట్టు. ఆగి, ఇంకో చుట్టు. రమ్యశ్రీ పరిగెత్తుకొచ్చి చెయ్యి వేయబోతే, ముట్టుకోకమ్మా అన్నారు.

మూర్తిగారు చేపకేసి చూడలేదు. కర్ర కొసకేసి చూస్తున్నారు. విల్లులా వంగిన కర్రని పట్టుకుని దారం ఒక్కో రింగు దగ్గరా కాస్త కాస్త తిరుగుతూ, ఎక్కడా అడ్డదారి తొక్కకుండా నీళ్ళలోకి దిగింది.

కిలో పైచిలుకు కొర్రమీను గట్టెక్కింది. కనకరాజుగారు రొప్పుతూ చెట్టు మొదట్లో కూలబడి, ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే రీలు పిడి మీంచి ఊడదీసుకున్నారు. మీ స్తంభాలు ఇప్పటికి సరిగ్గా పాతారండీ అన్నారు. మూర్తిగారికి ప్రాణం లేచొచ్చింది. మంచి మాటలు ఆగిపోయి, మళ్ళీ మామూలు మాటలు మొదలయ్యాయి మరి.

ఆ సాయంత్రం పవర్‌పేటలో ఆయనకి గేటు బయట కుళాయి దగ్గరే స్నానం. వసుంధరగారు గోడ మీంచి తువ్వాలు విసిరి, అటు తిరిగి నిలబడి, అడగనట్టుగా అడిగారు, అది ఎంత పొడుగుందని. రెండు జానలు అన్నారు మూర్తిగారు. ఎదురింటి గుమ్మంలోంచి ప్రసన్నకుమారి, పులుసు పెట్టారా ఇగురు చేశారా అని అడిగింది. ఆ మాట వినగానే వసుంధరగారు లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆరింటికే ఫోన్ మోగింది. కనకరాజుగారు. కర్ర పిడి తడిస్తే జారుతోందట, ఇంత చేసినవారికి ఆ మాత్రం ఆలోచన ఉండక్కర్లేదా అని అడుగుతున్నారు. ఎప్పటికి బాగుచేస్తారో చెప్పాలట.

"ఎక్కడినుంచి మాట్లాడుతున్నారో కనుక్కోండి. మంచం మీంచా, గట్టు మీంచా?" అన్నారు వసుంధరగారు వంటింట్లోంచి.

మూర్తిగారు అడిగారు. గట్టు మీంచేనట. ఐదింటికే వచ్చారట.

ఆవిడ లోపలికి వెళ్ళి పాత నేతచీర అంచు ఒకటి బారెడు చింపి తెచ్చి, ఉండ చుట్టి ఆయన చేతిలో పెట్టారు.

"అక్కడికే వెళ్ళి చుట్టండి, ఇంటికి మాత్రం తేకండి. ఇంకోటి, సమంగా చుట్టకండి. వేళ్ళు పట్టే చోట దగ్గరగా చుట్టండి."